‘కాదు’కో గడి

మాటలు రాని పిల్లల చేతికి బొమ్మల బోర్డు ఇవ్వాలా, మాట వచ్చేదాకా స్పీచ్ థెరపీ మీదే ఆశ పెట్టుకుని కూర్చోవాలా? మన ఊళ్ళలో ఈ తగువు ఇంటి గోడల మధ్యే నడుస్తోంది. దీన్ని మామూలు వ్యాసంగా రాస్తే నా గొంతొక్కటే వినిపిస్తుంది కనక ఇద్దరి చేత మాట్లాడిస్తున్నాను. ఒకరు రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన కూతురి కొడుక్కి ఏడేళ్ళు. ఆటిజం. మాట లేదు. రెండో ఆవిడ మండల కేంద్రంలోని భవిత కేంద్రంలో సహిత విద్య టీచరు, ఒకప్పుడు హైస్కూల్లో ఆ మాస్టారి దగ్గరే చదువుకుంది. ఇద్దరూ కల్పితులే. వాదాలు మాత్రం కల్పించాల్సిన పని లేకపోయింది. నా మొగ్గు టీచరు వైపని ముందే చెప్పేస్తున్నాను. అయినా మాస్టారు తన వాటా తాను గుంజుకున్నారు.

మాస్టారు: అమ్మాయ్, నిన్న మా వాడి సంచీలోంచి ఈ ఫైలు తీసి మొదటిసారి పూర్తిగా చూశాను. ఇడ్లీ, మంచినీళ్ళ గ్లాసు, ఉయ్యాల, సెల్‌ఫోను. అన్నీ లామినేషన్ చేసిన బొమ్మలు, వెనకాల వెల్క్రో ముక్కలు. వాడి చేత ఒక్క ‘అమ్మ’ అనిపించాలని ఇంటిల్లిపాదీ కిందా మీదా పడుతుంటే, నువ్వేమో నోరు తెరవక్కర్లేని దారి చూపించావు.

టీచరు: కూర్చోండి మాస్టారూ. నోరు తెరవద్దని ఎవరూ అనలేదు.

మాస్టారు: అనక్కర్లేదు. బొమ్మ ఇస్తే ఇడ్లీ వస్తుంటే నాలుక ఎందుకు కదులుతుంది? నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు. నోరే పనిలేకుండా చేస్తే వాడికి ఊరెక్కడిది? వస కొమ్ము అరగదీసి నాలుకకి రాశాం. నాలుక కింద తీగ అడ్డమేమోనని డాక్టరుకి చూపించాం, లేదన్నాడు. టౌనుకి తిప్పి స్పీచ్ థెరపీ చేయించాం. ఇంత పడ్డాక చివరికి బొమ్మలా?

టీచరు: థెరపీ మానమని నేననలేదు. రెండూ నడవాలి. బద్ధకం మాట తీశారు కనక అడుగుతున్నాను. మీకు దాహమేసింది. ఫైలు ఎక్కడుందో వెతుక్కుని, పేజీలు తిప్పి, గ్లాసు బొమ్మ పీకి, వంటింట్లో ఉన్న మనిషి దగ్గరికి నడిచి, ఆ మనిషి ఇటు తిరిగేదాకా నిలబడి, చేతిలో పెడతారా? ‘నీళ్ళు’ అని కేకేస్తారా?

మాస్టారు: కేకేస్తాను.

టీచరు: మాట రాగలిగినవాడు ఎవడైనా అదే చేస్తాడు. బద్ధకస్తుడైతే ఇంకా ముందు చేస్తాడు. బొమ్మ దారి కష్టమైనది మాస్టారూ. మీ వాడు ఆ కష్టం పడుతున్నాడంటే తేలిక దారి వాడికి తెరుచుకోలేదని అర్థం.

మాస్టారు: తర్కం బాగుంది. తర్కంతో మాటలు వస్తాయా?

టీచరు: లెక్క కూడా ఉంది. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టారు. బొమ్మలు, సైగలు, యంత్రాలు ఇచ్చాక పిల్లల మాట ఏమైందని. గట్టిగా నిలబడే అధ్యయనాల్లో 27 మంది తేలారు. వాళ్ళలో 24 మందికి మాట పెరిగింది. ముగ్గురిలో మార్పు లేదు. తగ్గినవాళ్ళు ఒక్కరూ లేరు.

మాస్టారు: 27 మందా? మా స్కూల్లో ఒక సెక్షనుకి అంతకంటే ఎక్కువ మంది ఉండేవారు.

టీచరు: తక్కువే. పెరిగిన మాట కూడా చాలామందిలో కొద్దిగానే పెరిగింది. ఈ ఫైలు చేత పట్టుకోగానే మీ వాడు గడగడా మాట్లాడతాడని నేను మీ అమ్మాయికి చెప్పలేదు, చెప్పను. నేను చెప్పేది ఒక్కటే. బోర్డు వల్ల మాట పోతుందన్న భయానికి ఆధారం దొరకలేదు.

మాస్టారు: ఇంకో రెండేళ్ళు చూస్తే వచ్చే మాట కాదంటావా?

టీచరు: రావచ్చు. ఆ రెండేళ్ళూ వాడు ఏమైపోవాలి? కడుపునొప్పి వస్తే తల గోడకేసి కొట్టుకున్నాడని మీరే చెప్పారు. పంటి నొప్పా, ఆకలా, ఫ్యాను చప్పుడు పడకపోవడమా అన్నది మీ ఇంట్లో నలుగురు నాలుగు రకాలుగా ఊహించారు. మాట వచ్చేదాకా ఆగమనడం మనకి ఓపిక పరీక్ష. వాడికి అది రోజూ పడే బాధ.

మాస్టారు: (కాసేపు ఫైలు తిప్పి) సరే, ఎలా నేర్పుతున్నావో చెప్పు. ‘ఏం కావాలి నాన్నా’ అని అడిగి బొమ్మ చూపించమంటున్నావా?

టీచరు: అడగను. అడగకపోవడమే మొదటి పాఠం. పెక్స్ అనే పద్ధతి ఒకటుంది. అమెరికాలోని డెలవేర్‌లో ఆటిజం పిల్లల కోసం ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో మొదలుపెట్టారు. మొదటి మెట్టులో ఇద్దరు పెద్దవాళ్ళు కావాలి. ఎదురుగా ఒకరు వాడికి ఇష్టమైన వస్తువు పట్టుకుని కూర్చుంటారు. వెనక ఇంకొకరు. వాడు వస్తువు కోసం చెయ్యి చాచగానే వెనకవాళ్ళు ఆ చేతిని మెల్లగా బొమ్మ మీదికి, బొమ్మని ఎదుటివాళ్ళ అరచేతిలోకి నడిపిస్తారు. వెనకవాళ్ళు నోరు మెదపకూడదు. ఎదుటివాళ్ళు బొమ్మ అందుకున్నాకే ‘ఇడ్లీ!’ అని పలికి ఇడ్లీ ఇస్తారు. వెనక చెయ్యి రోజురోజుకీ తగ్గిపోవాలి.

మాస్టారు: ‘ఏం కావాలి’ అంటే వచ్చిన నష్టమేమిటి?

టీచరు: ప్రశ్న అలవాటైతే వాడు ప్రశ్న కోసం చూస్తూ కూర్చుంటాడు. ఎవరూ అడగని రోజున ఆకలితోనే ఉంటాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు మనవాళ్ళు. మీ ఇంట్లో తంతు తలకిందులు. అడగకుండానే అమ్మ పెడుతుంది, అమ్మమ్మ పెడుతుంది, మీరు జేబులోంచి బిస్కెట్టు తీస్తారు. ప్రేమే, కాదనను. కానీ వాడికి మాటతో అవసరం రానివ్వడం లేదు.

మాస్టారు: అంటే వాణ్ణి మాడ్చాలా?

టీచరు: మాడ్చక్కర్లేదు. పది సెకన్లు ఆగితే చాలు. గ్లాసు వాడికి కనిపించేలా పెట్టి, మీరు కిటికీలోకి చూస్తూ ఆగండి. వాడు మీ దగ్గరికి రావాలి. రెండో మెట్టు అదే. మీరు నాలుగడుగులు దూరం జరగాలి, ఫైలు ఇంకో నాలుగడుగులు దూరంలో ఉండాలి. మూడో మెట్టులో ఇష్టమైనదీ ఇష్టం లేనిదీ పక్కపక్కన పెడతాం. మొన్న వాడు చూసుకోకుండా మేజోడు బొమ్మ ఇచ్చాడు. నేను మేజోడే ఇచ్చాను. విసిరికొట్టాడు. మళ్ళీ చూసి, ఈసారి ఉయ్యాల బొమ్మ ఇచ్చాడు.

(మేజోడు ఇచ్చినప్పుడు టీచరు నవ్వకుండా ఎలా ఉండగలిగిందో నాకు తెలియదు. ఈ పద్ధతి నడిచేది ఆ గాంభీర్యం మీదే. వాడు ఏది చెబితే అదే జరగాలి, పొరపాటున చెప్పినా సరే. అలా జరిగిన నాడే బొమ్మకి విలువ వస్తుంది.)

మాస్టారు: నా అసలు అభ్యంతరం ఇప్పుడు చెబుతాను, విను. ఇందాకటిది తాతగా అన్నాను, ఇది భాష చెప్పినవాడిగా అంటున్నాను. నీ ఫైలంతా ఒక హోటల్ మెనూ కార్డు. ఇడ్లీ, నీళ్ళు, ఉయ్యాల, ఫోను. మనిషి నోరు తెరిచేది తిండి అడగడానికేనా? వాకిట్లో గేదె కనపడితే ‘అదిగో గేదె’ అంటాడు పిల్లాడు. దానివల్ల వాడికి ఒరిగేదేమీ లేదు. చూశానని ఇంకొకరికి చెప్పుకోవాలి, అంతే. ఆ ‘అదిగో’ నీ ఫైల్లో ఎక్కడుంది?

టీచరు: లేదు. మీరన్నది నిజం. పెక్స్‌లో అలా చూసింది చెప్పడం ఆరో మెట్టు. చాలాచోట్ల నాలుగో మెట్టు దాటకుండానే ఆగిపోతారు. కోరికలు తీరితే గొడవ తగ్గుతుంది, గొడవ తగ్గితే పెద్దవాళ్ళకి చాలు.

మాస్టారు: అదీ మాట. పెద్దవాళ్ళకి చాలు.

టీచరు: అందుకే ఫైలుతో పాటు ఈ పెద్ద షీటు చేశాను, చూడండి. నలభై గడులు. తిండి వస్తువులు పక్క పేజీకి పోయాయి. ఇక్కడ ఉన్నవి ‘ఇంకా’, ‘చాలు’, ‘రా’, ‘చూడు’, ‘నాకు’, ‘నీకు’, ‘అయిపోయింది’, ‘బాగుంది’, ‘ఏంటి’, ‘ఎక్కడ’. పిల్లల మాటలు రికార్డు చేసి లెక్క కడితే తిరిగి తిరిగి వచ్చేవి ఇలాంటి చిన్న మాటలే, వస్తువుల పేర్లు కావు. ‘చూడు’ అన్న ఒక్క గడితో గేదెనీ చూపించొచ్చు, విమానాన్నీ చూపించొచ్చు.

మాస్టారు: ‘చూడు’కి కళ్ళ బొమ్మ వేశావు, బాగుంది. ‘నిన్న’కి ఏం వేస్తావు? ‘ఎందుకు’కి? ‘బెంగ’కి?

టీచరు: ఏదో ఒక గుర్తు వేసి, వాడి ముందు పదే పదే వాడతాం. బొమ్మ అచ్చంగా అర్థంలాగే ఉండక్కర్లేదు మాస్టారూ. ఛార్లెస్ బ్లిస్ అని ఒకాయన ఇదే పని మీద జీవితం ధారపోశాడు. 1897లో అప్పటి ఆస్ట్రియా-హంగరీలోని చెర్నోవిట్స్‌లో పుట్టిన యూదుడు, కెమికల్ ఇంజనీరు. డాఖావ్, బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరాల్లోంచి బతికి బయటపడి షాంఘై చేరాడు. అక్కడి చైనా లిపి చూశాక, ఏ భాషవాడైనా చదవగల గుర్తులు తయారుచేస్తే మనుషుల మధ్య పగలు తగ్గుతాయని ఆయనకి తోచింది. 1949లో ఆస్ట్రేలియాలో ఉండగా పుస్తకం వేశాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1971లో కెనడాలోని టొరంటోలో షర్లీ మెక్‌నాటన్ అనే టీచరు, ఆవిడ బృందం సెరిబ్రల్ పాల్సీ పిల్లల కోసం వెతుకుతుంటే ఆ గుర్తులు కంటపడ్డాయి. లోకశాంతి కోసం చేసిన లిపి మాటలు లేని పిల్లల ఒళ్ళో వాలింది.

మాస్టారు: ఆయన పొంగిపోయి ఉంటాడు.

టీచరు: మొదట పొంగిపోయాడు. తర్వాత తన గుర్తుల్ని తన ఇష్ట ప్రకారం వాడటం లేదని ఆ బృందంతోనే ఏళ్ళ తరబడి తగువు పెట్టుకున్నాడు. పిల్లలేమో ఎవరి గుర్తని చూడకుండా వాడుకుంటూ పోయారు.

మాస్టారు: ఆ తగువు మన బోర్డుకీ ఉంది. ఈ గడులు ఎవరు నింపారు? నువ్వు, మా అమ్మాయి. వాడు చెప్పగలిగేదంతా మీరిద్దరూ ముందే ఊహించి పెట్టినదే. ఊహించనిది వాడి మనసులో ఉంటే?

(సంవాదం అంతా ఈ ప్రశ్న కోసమే రాశానని చెప్పొచ్చు. టీచరు వెంటనే జవాబు చెప్పలేదు.)

టీచరు: అందుకే వాడు ఏది వెతుకుతున్నాడో కనిపెడుతూ ఉండాలి. ఫైలంతా తిప్పి, ఏదీ తీయకుండా మూసేశాడంటే కావలసిన మాట అందులో లేదని అర్థం. మేం అప్పుడు కూర్చుని వెతుకుతాం. ఇది సరైన జవాబు కాదని నాకూ తెలుసు.

మాస్టారు: తెలిస్తే సరే. ఇంకొకటి. ఈ వాక్యం పట్టీ చూడు. ముందు నేను బొమ్మ, తర్వాత కావాలి, తర్వాత నీళ్ళు. ‘నేను కావాలి నీళ్ళు’. ఇదేం తెలుగమ్మా?

టీచరు: (నవ్వి) ఇంగ్లీషు బోర్డు నుంచి దింపినది. మొదట్లో వచ్చిన షీట్లన్నీ అంతే.

మాస్టారు: ‘నేను కావాలి’ అంటే వీణ్ణెవరో కోరుకుంటున్నారని. నా క్లాసులో ఇలా రాస్తే ఊరుకునేవాణ్ణా? అసలు మనకి మొదటి గడే అక్కర్లేదు. ‘నీళ్ళు కావాలి’ అంటే నిండు వాక్యం. క్రియ చివర ఉండాలి. ఇంకా, ఈ ఎర్ర ఇంటూ గుర్తు ఏమిటి?

టీచరు: అది ‘నో’.

మాస్టారు: మనకి ‘నో’ ఒకటే ఉందా? ఇష్టం లేనిది ‘వద్దు’. నువ్వు తప్పుగా అర్థం చేసుకుంటే ‘కాదు’. డబ్బా ఖాళీ అయితే ‘లేదు’. చేతకాకపోతే ‘రాదు’. నాలుగు పనులకి ఒకే ఇంటూ పెట్టి, వాడు దాన్ని చూపిస్తే నువ్వు ఏది అనుకుంటావు?

టీచరు: వద్దనే అనుకుంటున్నాం.

మాస్టారు: ఉయ్యాల దగ్గర వాడు ఇంటూ చూపించాడనుకో. ఉయ్యాల వద్దనా? ‘నేనడిగింది ఈ ఉయ్యాల కాదు, ఆ పక్కది’ అనా? నువ్వు దింపేసి ఇంటికి పంపుతావు. వాడు ఏడుస్తాడు. ఏడుపు ఆటిజం వల్లనని రాసుకుంటావు.

(టీచరు మార్కరు తీసి షీటు మీద రెండు గడులు కొట్టేసింది. నాకు తెలిసి ఇలాంటి బోర్డుల్లో ‘కావాలి’, ‘వద్దు’ ఎప్పుడూ ఉంటాయి, ‘కాదు’ అరుదు. పెద్దవాళ్ళం మన ఊహ తప్పని చెప్పే గడిని పిల్లలకి ఇవ్వడం మర్చిపోతాం. ‘వద్దు’తో పిల్లాడు వస్తువుని తోసేయగలడు. మన అర్థాన్ని తోసేయాలంటే వాడికి ‘కాదు’ కావాలి.)

టీచరు: ‘కాదు’ ఇక్కడ పెడుతున్నాను, బొటనవేలికి దగ్గరగా. మీ ఇంట్లో ‘వద్దు’ సంగతి ఏమైంది? నెల కిందట ఇచ్చాను.

మాస్టారు: దాని సంగతి అడక్కు. స్నానం అంటే వద్దు. జుట్టు కత్తిరించడం వద్దు. మొన్న పెద్దమ్మ వచ్చి ముద్దు పెట్టబోతే ఆవిడ మొహాన ఆ కార్డు పెట్టాడు. మా ఆవిడ విసిగిపోయి కార్డు తీసి బీరువా మీద పెట్టింది.

టీచరు: మాస్టారూ! వాడికి వచ్చిన మొదటి మాట అది.

మాస్టారు: మరి స్నానం మానేయమంటావా?

టీచరు: స్నానం చేయించండి. ప్రతి వద్దూ చెల్లదు. మీ క్లాసులో పరీక్ష వద్దని మేం అంటే మీరు మానేశారా? కానీ ‘వద్దన్నావు, విన్నాను, అయినా ఇవాళ పోసుకోవాలి, రెండు చెంబులు చాలు’ అని ఆ కార్డు చేతిలోకి తీసుకుని చెప్పండి. కార్డు మాత్రం తీసేయకండి. పెద్దమ్మ ముద్దు దగ్గర అయితే ఆ వద్దు చెల్లి తీరాలి.

మాస్టారు: ఆవిడ చిన్నబుచ్చుకుంది.

టీచరు: చిన్నబుచ్చుకోనివ్వండి. ఇంకో పేజీ చూపిస్తాను, కోప్పడకండి. ఇవి ఒంటి భాగాల బొమ్మలు, అన్నీ ఉన్నాయి. పక్కన ‘నొప్పి’, ‘కొట్టారు’, ‘ముట్టుకున్నారు’, ‘భయం’. ఎవరు అన్నదానికి ఇంట్లోవాళ్ళ, ఆటో డ్రైవరు, ఆయా, నా ఫొటోలు.

మాస్టారు: (ఆ పేజీ వైపు చూసి, కళ్ళజోడు తీసి) నీ ఫొటో కూడానా?

టీచరు: నాది లేకపోతే నేను కొట్టినా వాడు చెప్పలేడు. మాటలు లేని పిల్లల మీద చెయ్యి చేసుకునేవాళ్ళకి ఉన్న ధైర్యం అదే కదా, వీడు చెప్పలేడని. చాలామంది తల్లులు ఈ పేజీ ఫైల్లో ఉంచొద్దన్నారు. మీ అమ్మాయి ఉంచమంది.

మాస్టారు: ఉంచు. దీని గురించి నేను వాదించను. కానీ వాడు చెప్పాడన్నది నిజంగా వాడే చెప్పాడని ఎలా నమ్మాలి? మొన్న వాడు ‘గుడి’ చూపించాడని మా అమ్మాయి మురిసిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. వాడి మణికట్టు దాని చేతిలో ఉంది. గుడికి వెళ్ళాలన్నది వాడి కోరికా, దాని కోరికా?

టీచరు: ఈ అనుమానం పూర్తిగా న్యాయమైంది. దీని వెనక పెద్ద కథే ఉంది. 1970ల్లో మెల్‌బోర్న్‌లో రోజ్‌మేరీ క్రాస్లీ అనే ఆవిడ మాట రాని పిల్లల చెయ్యి పట్టుకుని అక్షరాలు చూపించే పద్ధతి మొదలుపెట్టింది. 1990 ప్రాంతంలో డగ్లస్ బిక్లెన్ దాన్ని అమెరికాకి తెచ్చాడు. ఒక్క మాట లేని పిల్లలు పేజీలకి పేజీలు టైపు చేస్తున్నారని తల్లిదండ్రులు కన్నీళ్ళు పెట్టుకున్నారు. తర్వాత పరీక్ష పెట్టారు. పిల్లాడికి ఒక బొమ్మ, చెయ్యి పట్టుకున్నవాళ్ళకి ఇంకో బొమ్మ, ఒకరిది ఒకరికి కనపడకుండా. పిల్లాడు టైపు చేసింది ఏదో తెలుసా?

మాస్టారు: పట్టుకున్నవాళ్ళకి కనిపించిన బొమ్మ.

టీచరు: అదే. వాళ్ళు దొంగలు కారు, తమ చెయ్యి నడుపుతోందని వాళ్ళకే తెలియదు. అమెరికాలోని స్పీచ్ థెరపిస్టుల సంఘం ఆ పద్ధతి వాడొద్దని 2018లో మరోసారి ప్రకటించింది. ఈలోపు ఆ టైపు మాటలు నమ్మి కన్నవాళ్ళ మీద కేసులు పెట్టిన సంఘటనలూ జరిగాయి.

మాస్టారు: మరి నీ వెనక మనిషి కూడా చెయ్యి పట్టుకున్నాడుగా?

టీచరు: మొదటి రోజుల్లో, అదీ ఎదురుగా కనపడుతున్న వస్తువు కోసం, వాడు చెయ్యి చాచాకే. ఆ చెయ్యి మాయం కాకపోతే నేర్పినట్టు కాదు. మీ అమ్మాయికి చెప్పండి, మణికట్టు వదలమని. వదిలాక ‘గుడి’ రాకపోతే అది వాడి మాట కాదు. అక్కడ కిటికీ దగ్గర కూర్చుందే, ఆ పాపకి సెరిబ్రల్ పాల్సీ, చేతులు మాట వినవు. ఆమెకి ప్లాస్టిక్ అద్దం లాంటి షీటు నిలబెట్టి నాలుగు మూలలా బొమ్మలు అతికిస్తాం. నేను అవతలి వైపు కూర్చుని కళ్ళు ఎటు వెళ్ళాయో చూస్తాను. ఒంటి మీద చెయ్యి వెయ్యను.

మాస్టారు: ఇంత తంటాలు ఎందుకు, ఇప్పుడు ట్యాబుల్లో వచ్చేశాయటగా?

టీచరు: వచ్చాయి. చెన్నైలో అజిత్ నారాయణన్ తయారుచేసిన ‘ఆవాజ్’ ఉంది, ఐఐటీ బొంబాయి వాళ్ళ ‘జెల్లో’ ఉంది. బొమ్మ నొక్కితే గొంతు పలుకుతుంది, పక్క గదిలో ఉన్నవాళ్ళనీ పిలవొచ్చు, అది కాగితానికి లేని సుఖం. మీ ఇంట్లో ట్యాబు దొరికితే వాడు యూట్యూబు పెడతాడు. కాగితం ముందు కుదరనివ్వండి.

మాస్టారు: కొట్టు దగ్గరా? బస్సులోనా? ఊరికి ఈ బొమ్మలు తెలుసా?

టీచరు: ప్రతి బొమ్మ కింద తెలుగులో మాట ఉంది, చదువు వచ్చిన ఎవరికైనా చాలు. ఇబ్బంది ఊరితో కాదు, ఇంటితో. మీరు వాడితో మాట్లాడేటప్పుడు ఎన్నిసార్లు ఈ షీటు వాడారు?

మాస్టారు: నేనెందుకు వాడతాను? నాకు నోరుంది.

టీచరు: మాట వచ్చే పిల్లలు మొదటి మాట పలికే ముందు ఏడాది పాటు వింటారు. వాడికి ఈ భాషలో మాట్లాడి చూపించినవాళ్ళు ఎవరు? మీరు ‘అన్నం అయిపోయిందా, ఇంకా కావాలా’ అంటూ ‘అయిపోయింది’ మీద, ‘ఇంకా’ మీద వేలు పెట్టాలి. వాడు జవాబివ్వకపోయినా సరే, రోజూ. వాడి భాష మీరెవరూ మాట్లాడకుండా వాడొక్కడే మాట్లాడాలంటే ఎలా?

మాస్టారు: (చాలాసేపటికి) ఇది నువ్వు ముందే చెప్పాల్సింది.

టీచరు: మొదటి రోజే చెప్పాను. మీరు థెరపిస్టుకి ఫోన్ చేస్తున్నారు.

మాస్టారు: సరే. ఇక నేనొకటి అడుగుతాను, నువ్వు కాదనకూడదు. ఇందాక ఊహించనిది మనసులో ఉంటే ఏమిటన్నాను. నువ్వు జవాబు లేదన్నావు. జవాబుంది. అక్షరాలు. స్టీఫెన్ హాకింగ్‌కి 1985లో గొంతుకి ఆపరేషనయ్యి మాట పోతే, కంప్యూటరు రాకముందు ఏం చేశాడు? అక్షరాల కార్డు ఎదురుగా పట్టుకుని ఒకరు ఒక్కో అక్షరం చూపిస్తుంటే, సరైన దగ్గర కనుబొమ్మ ఎగరేశాడు. నీ నలభై గడులు, నాలుగొందల గడులు చెప్పలేనిది అక్షరాలు చెబుతాయి.

టీచరు: ఆయన అప్పటికే ప్రొఫెసరు మాస్టారూ. మీ వాడు ఇంకా ‘చాలు’ దగ్గర ఉన్నాడు. పైగా తెలుగు అక్షరాలు యాభై ఆరు, వాటి మీద గుణింతాలు, ఒత్తులు. ఇంగ్లీషు ఇరవై ఆరు లాగా ఒక షీటులో పట్టవు.

మాస్టారు: పట్టేలా మనవాళ్ళు ఎప్పుడో అమర్చి పెట్టారు. క నుంచి మ దాకా అయిదు అయిదుల వర్గాలు. నువ్వు ‘క వర్గమా, చ వర్గమా, ట వర్గమా, త వర్గమా’ అని వరసగా అడుగు. ఆ కిటికీ దగ్గరి పాప త దగ్గర కళ్ళు పైకెత్తుతుంది. త, థ, ద, ధ, న. న దగ్గర మళ్ళీ ఎత్తుతుంది. తర్వాత గుణింతం పట్టీ. దీర్ఘం దగ్గర ఆగింది. ‘నా’. ఇంకో అక్షరం వచ్చేసరికి ‘నాన్న’ అని నువ్వే పోల్చుకుంటావు, ఒత్తుల దాకా పోనక్కర్లేదు. తప్పు పోలిస్తే, నీ దగ్గర ఇప్పుడు ‘కాదు’ గడి ఉంది.

టీచరు: పాపకి చేసి చూస్తాను. ఆమెకి కుదరొచ్చు. మీ వాడికి మాత్రం ముందు ఈ నలభై రానివ్వండి. అప్పుడు సిద్ధంగా ఉంటాడు.

మాస్టారు: సిద్ధంగా! బోర్డు ఇవ్వడానికి పిల్లాడు ముందుగా ఏ అర్హతా చూపించక్కర్లేదని తల్లుల మీటింగులో చెప్పింది ఎవరు? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి దారులన్నీ సంభాషణ కిందికే వస్తాయని చదివి వినిపించింది ఎవరు? మాట దగ్గర అక్కర్లేని అర్హత అక్షరం దగ్గర ఎందుకొచ్చింది? వాడు టీవీలో సినిమా పేర్లు పడేటప్పుడు కళ్ళార్పకుండా చూస్తాడు. ఏం చదువుతున్నాడో మనకేం తెలుసు?

టీచరు: మాస్టారూ, ఒకేసారి అన్నీ ముందు పెడితే వాడు బెదిరి ఫైలే ముట్టుకోడు. నేను చూశాను అలాంటి పిల్లల్ని.

మాస్టారు: నేను రాసిస్తాను, పెద్ద అక్షరాలతో, నా చేత్తో. నీ షీటు వెనక అతికించు.

టీచరు: వెనక అయితే సరే.

మాస్టారు: వెనక కాదు, పక్కన.

టీచరు: పక్కన పెడితే వాడు తోసేస్తాడు.

మాస్టారు: తోసేయడం ఎందుకు, వద్దని కార్డు ఇస్తాడు. బీరువా మీంచి దాన్ని ఇవాళే దింపుతాను. ఇచ్చిన రోజున తీసేద్దాం.